ఉస్తా నవూమ్ నోటిదానం

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఉస్తా నవూమ్‌కి ఆ సంగతి అరవై రెండో ఏట గానీ తెలిసిరాలేదు. అంతకు ముందు ఆయన నోరు రోజుకి మూడు నాలుగుసార్లు జారుతూనే ఉండేది. అలెప్పోలో మర్యాదస్తులు ఎక్కువ కాబట్టి, జారిన మాటని జారినట్టే ఎత్తి మళ్ళీ ఆయన నోట్లోనే పెట్టి వెళ్ళిపోయేవారు.

నవూమ్ ఊద్‌లనే తీగవాద్యాలు చేసేవాడు, పనిలో ఆరితేరినవాడని ఊరంతా 'ఉస్తా' అనేది. జుదైదే పేటలో, రెండు చర్చీల మధ్య సందులో ఆయన దుకాణం. లోపల అడుగు పెడితే చెక్కపొట్టు వాసన, ఉడుకుతున్న సరేసు వాసన. పుచ్చకాయని నిలువునా కోసినట్టుండే డొప్పలు దూలానికి వేలాడుతూ ఉండేవి. కొన్నింటికి మెడ ఉండేది, కొన్నింటికి ఇంకా పైచెక్క, అంటే ముఖమే ఉండేది కాదు. ఇవన్నీ అమ్మకానికి. ఆయన పనిపీట వెనక, కూర్చున్నచోటి నుంచి చెయ్యి చాస్తే అందే ఎత్తులో మేకుకి తగిలించి ఉండే చిన్న ఊద్ మాత్రం అమ్మకానికి కాదు.

అది ఆయన చేసిన మొదటి ఊద్. అప్పటికాయన పదమూడేళ్ళ కుర్రాడు, గురువు దగ్గర పని నేర్చుకుంటున్నాడు. తీగ పొడుగు మూడు జానలుండాలని గురువు చెప్పాడు. ఎవరి జానో చెప్పలేదు. ఈ మహానుభావుడు తన పిల్లచేతిని చెక్కమీద పరిచి మూడుసార్లు కొలిచాడు. తయారైన ఊద్‌ని చూసి గురువు నుదురు కొట్టుకుని, పొయ్యిలో పెట్టమన్నాడు. నవూమ్ పెట్టలేదు. చొక్కాలో దాచుకుని ఇంటికి పట్టుకుపోయాడు. ఆ చిన్న డొప్పలోంచి ఎలాంటి గొంతు వచ్చిందంటే, ఆ తర్వాత ఆయన చేసిన ప్రతి ఊద్‌కీ అదే పరీక్ష పెట్టింది. కొత్తదాని ముఖం గీకుతూ గీకుతూ మధ్యలో ఆగేవాడు. చిన్నదాని మందర తీగ మీటేవాడు. కొత్తదాని మందర తీగ మీటేవాడు. రెండూ ఒకే ఇంటి పిల్లల్లా పలికితే గీకుడు ఆపేసేవాడు. ఇంకో కొలబద్ద ఆయనకి తెలియదు, తెలుసుకునే అవసరమూ రాలేదు.

దుకాణానికి వచ్చినవాళ్ళ చూపు ముందు ఆ చిన్న ఊద్ మీదే పడేది. పడకపోతే పడేట్టు నవూమే చూసుకునేవాడు. దుమ్ము లేకపోయినా గుడ్డ పెట్టి తుడిచేవాడు. అప్పటికీ లాభం లేకపోతే కిందికి దించి, ఓసారి మోగించి, మళ్ళీ తగిలించేవాడు. పాపం, వచ్చినవాళ్ళు ఏం చేస్తారు? "ఎంత బాగుంది ఉస్తా!" అనేవారు. అనడమే ఆలస్యం, నవూమ్ కుడిచెయ్యి గుండెల మీదికి వెళ్ళేది, తల కాస్త వాలేది. "తీసుకోండి, మీదే!" అనేవాడు. అవతలివాళ్ళు రెండు చేతులూ ఎత్తి, "అయ్యో, మీ చేతిలో ఉంటేనే దానికందం" అనేవారు. అదీ పద్ధతి. ఆ ఊళ్ళో చొక్కా బాగుందన్నా, గొడుగు బాగుందన్నా, ఆఖరికి ఒళ్ళో పిల్లి బాగుందన్నా ఇదే మాట, ఇదే జవాబు. ఇచ్చేవాడు ఇవ్వడు, పుచ్చుకునేవాడు పుచ్చుకోడు, ఇద్దరి పెద్దరికమూ నిలబడుతుంది. కాకపోతే నవూమ్ ఇందులో రుచి మరిగాడు. పైసా ఖర్చు లేకుండా రోజూ దానకర్ణుడైపోతుంటే ఎవరికి మాత్రం చేదు?

ఎదురుగా కాఫీకొట్టు బక్రీకి ఇదంతా కూర్చున్నచోటే కాలక్షేపం.

"ఒరే నవూమూ, నీ మాటలు కోటలు దాటుతున్నాయి గానీ ఊద్ ఆ మేకు దాటట్లేదు. ఏదో ఒకరోజు ఎవడో వచ్చి 'సరే, ఇవ్వు' అంటాడు చూడు. ఆ పూట నా కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ కాఫీ ఉచితం" అనేవాడు.

"అంత మర్యాద తెలియనివాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదులేరా" అనేవాడు నవూమ్.

పుట్టి అప్పటికే తొమ్మిదేళ్ళయింది. పేరు రువైదా.

ఈస్టరు ముందటి ఉపవాసాలు ఇంకో వారంలో మొదలవుతాయనగా, సబ్బుల బట్టీవాళ్ళ పెద్దావిడ, మక్కా వెళ్ళొచ్చిన హజ్జా నజ్మియా మనవరాలి చెయ్యి పట్టుకుని దుకాణంలోకి వచ్చింది. ఆవిడ వచ్చిందంటే ముందు లారెల్ సబ్బు వాసన వస్తుంది, ఆ వెనక మాట వస్తుంది, ఆ తర్వాత మనిషి.

"ఉస్తా, మా పిల్లకి ఊద్ కావాలి. ఉన్నవాటిలోకి పెద్దదీ, మెరిసేదీ చూసి ఇవ్వు. ఎదిగే పిల్ల. చెప్పులు కొన్నా కోటు కొన్నా నేను రెండేళ్ళు ముందుచూపుతో కొంటాను."

"ఊద్ చెప్పు కాదు హజ్జా, బొటనవేలి దగ్గర దూది కుక్కుకోడానికి."

"చూశావా, నోరు విప్పానో లేదో వెక్కిరింత! సరేలే, సబ్బు గురించి నువ్వు నాకు చెప్పొద్దు, ఊద్ గురించి నేను నీకు చెప్పను. కానీ మెరిసేదే ఇవ్వు."

"ఇన్నాళ్ళూ దేనిమీద వాయించిందేమిటి?"

"నా వంటింటి బాణలి మీద. రబ్బరు బ్యాండ్లు కట్టి. బాణలి పోతే పోయిందిగానీ ఆ మోతకి మా వీధిలో పిల్లులు కూడా ఇల్లు మారాయి. బళ్ళో పాటల టీచరు చూసి, చెయ్యి తిరుగుతోంది, అసలుది కొనిపెట్టండి అంది. ఇదిగో, వచ్చాం."

రువైదా ఇవేవీ వినడం లేదు. మెడ వెనక్కి వాల్చి దూలానికి వేలాడే డొప్పల్ని ఒక్కొక్కటే చూస్తోంది. నవూమ్‌కి అది నచ్చింది. కొనేవాళ్ళు ముందు వెల అడుగుతారు. ఈ పిల్ల ఏమీ అడగలేదు.

హజ్జా వేలు తిన్నగా ముత్యపుచిప్పలు పొదిగిన ఊద్ మీదికి పోయింది. "అదీ! అలాంటిది కావాలి."

"అది గోడకి తగిలించుకునేవాళ్ళ కోసం హజ్జా. బతకాలి కదా, చేశాను. ముఖం నిండా చిప్పలే, ఇక అది నోరెక్కడ తెరుస్తుంది? ఉన్న నగలన్నీ ఒంటిమీద దిగేసుకున్న పెళ్ళికూతురు, మెడ కూడా తిప్పలేదు." నవూమ్ దాన్ని మీటి చూపించాడు. చెక్కపెట్టె మీద తట్టినట్టు వినిపించింది. హజ్జా మొహం చిట్లించి చెయ్యి దించేసింది.

తర్వాత మామూలు ఊద్ ఒకటి దించి పిల్ల ఒళ్ళో పెట్టాడు. డొప్ప ఆమె పొట్టనీ ఛాతీనీ గడ్డాన్నీ మింగేసింది. పైన ఎర్ర రిబ్బను, దాని కింద రెండు కళ్ళు మిగిలాయి. కుడిచెయ్యి డొప్పని ఎక్కి అవతలికి దిగలేక గాలిలోనే ఉండిపోయింది.

"పాప ఏది హజ్జా? ఊద్ ఒక్కటే కూర్చుంది" అన్నాడు నవూమ్.

"ఇక్కడే ఉన్నాను" అంది ఊద్ వెనకనుంచి గొంతు, నవ్వకుండా.

డొప్ప పలచగా ఉన్నది ఇంకొకటి దించాడు. చెయ్యి అందింది గానీ మెడ పొడుగు, చిటికెనవేలు చోటికి చేరలేదు. మూడోది తేలిగ్గా ఉంది. అయితే తీగలు మెడకి ఎత్తుగా ఉన్నాయి. నవూమ్ తీగకీ మెడకీ మధ్య అట్టముక్క దూర్చి చూసి పెదవి విరిచాడు. "దీనిమీద నొక్కిందంటే వారంలో వేళ్ళు పుండవుతాయి. పుండయిందా, ఊద్ మంచం కిందికి పోతుంది. మంచం కింద చచ్చిన ఊద్‌లు ఈ ఊళ్ళో ఎన్నున్నాయో నాకు తెలుసు. పిల్లకిచ్చేది తేలిగ్గా ఉండాలి, తీగలు తగ్గి ఉండాలి, చెయ్యి దానంతట అది వాలాలి. నీ మనవరాలికి సరిపోయేది నా దగ్గర లేదు హజ్జా. ఈస్టరు నాటికి చేసిస్తాను."

రువైదా మొహం వాడిపోయింది. ఈస్టరంటే ఆ వయసుకి వచ్చే జన్మ.

అక్కడితో వాళ్ళని పంపించేసి ఉంటే ఈ కథ లేదు. కానీ నవూమ్ మనసు ఊరుకోదే! కొలత చూసుకోడానికే అనుకుంటూ వెనక్కి చెయ్యి చాపి, మేకు మీదినుంచి చిన్న ఊద్‌ని తనే దించి, తనే పిల్ల ఒళ్ళో పెట్టాడు.

అతికినట్టు సరిపోయింది. మోచెయ్యి డొప్ప మీద వాలింది, చిటికెనవేలు చోటికి చేరింది. ఎందుకు సరిపోదు? అది పిల్లచేతి జానతో కొలిచిన ఊద్. నలభై తొమ్మిదేళ్ళుగా పెద్దవాళ్ళ మధ్య పొట్టిదై కూర్చుంది, ఇవాళ దాని ఈడు మనిషి దొరికింది. నవూమ్ తీగలు మీటే ఈక అందించాడు. రువైదా మందర తీగని ఒక్కసారి మీటి, ఆ మోత పూర్తిగా అణిగిపోయేదాకా ఊపిరి బిగపట్టింది.

"ఎంత బాగుందో!" అంది.

నవూమ్ చెయ్యి దానంతటదే గుండెల మీదికి వెళ్ళింది. తల వాలింది. "తీసుకోమ్మా, నీదే!"

రువైదా తలెత్తి చూసింది. మొహం అంతా వెలిగింది. "మీ చేతులు చల్లగుండాలి తాతా!" అని లేచి, ఊద్‌ని రెండు చేతులా పొదివి పట్టుకుని గుమ్మం వైపు నడిచింది.



"రువైదా! ఎక్కడికే?" అంది హజ్జా.

"ఇంటికి."

"ఓసి నీ... 'మీ చేతిలో ఉంటేనే దానికందం' అనాలే!"

"నా చేతిలోనూ బాగానే ఉంది కదా నానమ్మా."

"బాగుండడం కాదే, అలా అనాలి. అది మర్యాద."

"తాత ఇచ్చారుగా? ఇవ్వకుండానే ఇచ్చానన్నారా?" పిల్ల నవూమ్ వైపు తిరిగింది. ఆ చూపులో గడుసుదనం ఏమాత్రం లేదు. ఉంటే నవూమ్ నవ్వేసి ఊద్ లాక్కునేవాడే. పిల్ల నిజంగానే అడుగుతోంది.

హజ్జా మొహం ఎర్రబడింది. "ఉస్తా, పిల్లది, తెలీదు. నేనిప్పిస్తానుండు."

సరే ఇప్పించండి అనడానికి నవూమ్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో బక్రీ కనిపించాడు. చేతిలో కాఫీ పళ్ళెం, మొహం నిండా పండగ. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని ఊరికే అన్నారా?

"ఇచ్చేశాను హజ్జా. నవూమ్ ఇచ్చానన్నాడంటే ఇచ్చినట్టే" అన్నాడు. గొంతు కాస్త పీలగా వచ్చింది. హజ్జా పర్సు తీయబోతే, "ఇచ్చినదానికి వెల కడతావా?" అని కసిరాడు కూడా. పరువు ఒకసారి గుర్రమెక్కాక మధ్యలో దిగదు.

వాళ్ళు సందు మలుపు దాకా వెళ్ళారు. అక్కణ్ణుంచి రువైదా వెనక్కి పరుగెత్తుకొచ్చింది. నవూమ్ ప్రాణం లేచొచ్చింది. మనసు మార్చుకుంది, బంగారు తల్లి!

"తాతా, ఈక మర్చిపోయాను" అంది రువైదా. ఈక కూడా ఇచ్చాడు.

ఆ పూట బక్రీ మాట నిలబెట్టుకున్నాడు. వీధిలో అందరూ ఉచితంగా కాఫీ తాగారు. నవూమ్‌కీ ఒకటి పంపాడు, చక్కెర రెండింతలు వేసి.

ఇంట్లో ఆయన భార్య వర్దే పప్పు కలుపుతూ అంతా విని గరిటె ఆపింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ మొగుడి మీద గొంతు పెంచింది లేదు. పెంచే అవసరం లేని నోరు ఆవిడది.

"ఏమయ్యా, పక్కింటావిడ ఉప్పు అడిగితే డబ్బాలోకి రెండుసార్లు తొంగి చూస్తావు. ఊద్ ఇచ్చేశావా?"

"నోరు జారింది."

"మీ ఆవిడ బాగుంటుందని ఎవరైనా అంటే ఏం చేస్తావు?"

"ఇంతవరకు ఎవరూ అనలేదుగా" అన్నాడు నవూమ్. ఆ రాత్రి ఆయన పప్పులో ఉప్పు పడలేదు.

వేళాకోళం ఒక వారానికి పాతబడింది. అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. రేడియోలో వాయించే తౌఫీక్ తన కొత్త ఊద్ కోసం వచ్చి కూర్చున్నాడు. ముఖం గీకడం ఒక్కటే మిగిలింది. నవూమ్ గీకాడు, ఆగాడు, అలవాటుగా చెయ్యి వెనక్కి చాపాడు. చేతికి ఉత్త మేకు తగిలింది. కొత్తదాన్ని మీటాడు. బాగానే ఉందా? ఉన్నట్టే ఉంది. చాలదా? చాలనట్టూ ఉంది. ఇంకో రెండు పొరలు తీస్తే పలుకుతుందో, పలచబడి పగులుతుందో ఆయనకి తెలియలేదు. అరవై రెండేళ్ళ వయసులో, తన సొంత పీట మీద, తనకి తన పని తెలియలేదు. తౌఫీక్‌ని రేపు రమ్మన్నాడు. రేపొస్తే ఎల్లుండి రమ్మన్నాడు. ఆ ఊద్‌కి గుడ్డ కప్పేశాడు. తర్వాతి ఊద్‌కీ అక్కడిదాకా వచ్చాక గుడ్డే కప్పాడు. ఉపవాసాలు సగం గడిచేసరికి దుకాణంలో గుడ్డ కప్పినవే ఎక్కువయ్యాయి.

ఇచ్చినది తిరిగి అడగడమా? ఆ మాట వీధిలో పడితే మనవలకి కూడా ఆ పేరే స్థిరపడుతుంది. అందుకని నవూమ్ అలాంటిదే ఇంకోటి చెయ్యబోయాడు. కానీ కొలత? తన చెయ్యి ఇప్పుడు పెద్దది, గట్టిది. ఒక సాయంత్రం వర్దే అన్నం తెస్తే, ఆవిడ చెయ్యి పట్టుకుని చెక్కమీద పరిచాడు. ఆవిడది చిన్న చెయ్యి.

"నలభై ఏళ్ళకి చెయ్యి పట్టుకున్నావు. అదీ చెక్క కొలవడానికి" అంది వర్దే. అయితే చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఈస్టరు నాటికి కొత్త చిన్న ఊద్ దాదాపు తయారైంది. చూడడానికి పాతదానికన్నా అందంగా ఉంది. ముఖం గీకడం దగ్గర మళ్ళీ అదే గోడ. నవూమ్ పనిముట్టు పక్కన పెట్టి, తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ కూర్చున్న తీరు చూస్తే వర్దేకి నవ్వు రాలేదు.

"ఇలా విను. ఎలా పోగొట్టుకున్నావో అలాగే తెచ్చుకో. పండగ పలకరింపు అని వాళ్ళింటికి వెళ్ళు. ఊద్ చూపించమను. ఎంత బాగుందో అను. ఆ పిల్ల 'తీసుకోండి, మీదే' అనాలి కదా? ఈపాటికి ఆ హజ్జా నేర్పే ఉంటుంది. అనగానే 'మీ చేతులు చల్లగుండాలి' అని చంకన పెట్టుకో. దాని చేతిలో ఈ కొత్తది పెట్టు. పిల్లకి ఊద్ ఉంటుంది, నీది నీకొస్తుంది, మర్యాదకి మర్యాద."

"సిగ్గు లేదుటే?"

"ఉంటే ఆ మేకుకి తగిలించి వెళ్ళు. ఖాళీగానే ఉందిగా."

ట్రాములో దారి పొడుగునా నవూమ్ పెదవులు కదుపుతూనే ఉన్నాడు. మీ చేతులు చల్లగుండాలి. మీ చేతులు చల్లగుండాలి. ఎదుటి సీటాయన ఏదో మొక్కు అనుకుని తనూ తల వంచాడు.

హజ్జా నజ్మియా గుమ్మంలోనే ఎదురైంది. "రా ఉస్తా, రా! ఇన్నాళ్ళు పట్టిందేం? ఉపవాసాలు అయ్యీ అవకముందే వస్తావని మా కోడలితో పందెం కాశాను." నవూమ్ చంకలో గుడ్డమూటని చూసి చూడనట్టు ఊరుకుంది. ఆవిడ చూడనట్టు ఊరుకోవడమంటే పూర్తిగా చూసినట్టే.

లోగిట్లో నారింజ చెట్టు కింద కూర్చోబెట్టింది. కాఫీ వచ్చింది, పిస్తా మిఠాయి వచ్చింది. నవూమ్ ప్రాణం గిలగిల్లాడింది. ఈ ఇంట్లో దేన్ని మెచ్చుకున్నా 'తీసుకో' అంటుంది. మెచ్చుకోవాల్సింది ఒక్కటే, దానికి ముందు నోరు జారకూడదు.

"కాఫీ ఎలా ఉంది ఉస్తా?"

"ఉంది."

"చెట్టు ఈ ఏడు బాగా పూసింది కదూ?"

"చెట్టన్నాక పూస్తుంది."

"అయ్యో, మా ఇంట్లో నీకేదీ నచ్చలేదన్నమాట" అంది హజ్జా, కళ్ళతో నవ్వుతూ. "రువైదా! తాతకి నీ ఊద్ చూపించవే."

రువైదా తెచ్చింది. పాత పట్టు తలగుడ్డలో చుట్టి, చంటిపిల్లని మోసినట్టు మోస్తూ తెచ్చింది. ముందు తన ఎడమచేతి వేళ్ళు చాపి చూపించింది. కొసలు గట్టిపడి మెరుస్తున్నాయి. తర్వాత తీగ బిగించే బిరడా చూపించింది. "ఇది బిగుసుకుపోయి, తిప్పితే ఒక్కసారిగా గెంతేది తాతా. నానమ్మ సబ్బు అరగదీసి రాశాను. ఇప్పుడు చెప్పినచోట నిలబడుతోంది."

ఆ బిరడాతో నవూమ్ నలభై తొమ్మిదేళ్ళు వేగాడు. రోజూ తిప్పేవాడు, రోజూ తిట్టేవాడు, రేపు బాగుచేద్దామనుకునేవాడు.

రువైదా కూర్చుని వాయించింది. చిన్న పాట. రెండుచోట్ల తప్పింది. తప్పినచోట ఆగి, నాలుక బయటపెట్టి, వెనక్కి వెళ్ళి సరిచేసుకుని మళ్ళీ వచ్చింది. నవూమ్ ఆ ఊద్ మీద అన్నేళ్ళలో పాట వాయించింది తక్కువ. ఒక తీగ మీటేవాడు, వినేవాడు, తగిలించేవాడు. దాని గొంతు ఇంత ఉందని ఆయనకీ తెలియదు. కళ్ళు చెమ్మగిల్లాయి. ఇక ఆలస్యం చేస్తే వచ్చిన పని చెడుతుందని గబుక్కున అనేశాడు.

"ఎంత బాగుంది!"

రువైదా చెయ్యి తీగల మీద ఆగిపోయింది. నానమ్మ వైపు చూసింది. నానమ్మ నారింజ చెట్టు వైపు చూస్తోంది. పిల్ల గడ్డం వణికింది. లేచి, ఊద్‌ని పట్టు గుడ్డలో చుట్టి, ఈక లోపల దోపి, వచ్చి నవూమ్ ముందు నిలబడింది.

"తీసుకోండి తాతా, మీదే" అంది.

చెయ్యి గుండెల మీద పెట్టుకోలేదు. పెట్టుకోడానికి చెయ్యి ఖాళీ లేదు, రెండు చేతుల్లోనూ ఊద్ ఉంది. నవూమ్ ఈ మాట తన జన్మలో వెయ్యిసార్లు అని ఉంటాడు. ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఈ తొమ్మిదేళ్ళ పిల్ల మొదటిసారి అంటోంది, ఇచ్చేస్తోంది. కన్నీళ్ళు బుగ్గల మీదికి దిగుతున్నాయి, చేతులు మాత్రం వెనక్కి పోవడం లేదు. నవూమ్‌కి సిగ్గేసింది. మేకుకి తగిలించి వచ్చిన సిగ్గంతా ట్రామెక్కి వచ్చి మీద పడ్డట్టయింది.

ట్రాములో వల్లించుకున్న మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. దాని బదులు, వెయ్యిమంది తనతో అన్న మాట, తను ఎన్నడూ సరిగ్గా వినని మాట, బయటికొచ్చింది.

"నీ చేతిలో ఉంటేనే దానికందం తల్లీ."

"ఉత్తినే అంటున్నారా, నిజంగానా?" అంది రువైదా ముక్కు ఎగబీలుస్తూ.

"నిజంగానే."

పిల్ల ఊద్‌ని ఒక్క లాగు లాక్కుని గుండెకి హత్తుకుంది. మళ్ళీ అడిగితే మాట మారుతుందేమోనని అడగనూ లేదు.

హజ్జా తలగుడ్డ కొసతో కళ్ళొత్తుకుంది. "మరి నీ సంగతేమిటి ఉస్తా? నీ కొట్లో ఊద్‌లన్నీ గుడ్డలు కప్పుకుని కూర్చున్నాయని బక్రీ ఊరంతా చెబుతున్నాడు."

దాచి లాభం లేదు. నవూమ్ అంతా చెప్పేశాడు, గీకుడూ, ఆగుడూ, మేకూ. రువైదా శ్రద్ధగా విని, "ఇంతేనా? నేను మీటుతాను, మీరు వినండి" అంది. ఆయన మూట విప్పి కొత్త ఊద్ తీశాడు. పిల్ల పాతదాని మందర తీగ మీటింది. ఆయన కొత్తదాన్ని మీటాడు. మళ్ళీ ఆమె, మళ్ళీ ఆయన. నవూమ్ చొక్కా జేబులోంచి గీకుడు రేకు తీసి, ముఖం మీద సన్నగా రెండు పొరలు లాగాడు. మళ్ళీ మీటారు. రెండు నెలల తర్వాత ఆయన భుజాలు దిగాయి.

"ఇకమీదట నీ ఊద్‌లన్నీ ఇక్కడికే తెచ్చి వినిపించుకో. కాఫీ మాది" అంది హజ్జా.

"కాఫీ చాలా బాగుంది" అన్నాడు నవూమ్ ధైర్యం చేసి.

"కప్పుతో సహా తీసుకుపో, నీదే."

నవ్వులయ్యాయి. నవూమ్ కొత్త ఊద్‌ని ఒళ్ళో నిలబెట్టి తుడుస్తున్నాడు. నిజానికి దానిమీద దుమ్మేం లేదు. హజ్జా ఆ తుడుపు చూసింది, ఆయన మొహం చూసింది. ఆవిడకి ఎక్కడలేని చిలిపితనం పుట్టుకొచ్చింది.

"అబ్బ, ఈ కొత్తది ఎంత ముచ్చటగా ఉంది ఉస్తా!"

నవూమ్ కుడిచెయ్యి గుండెల మీదికి వెళ్ళిపోయింది. తల వాలింది. నోరు తెరుచుకుంది.

రువైదా ఒక్క గెంతున వచ్చి, గట్టిపడ్డ వేళ్ళతో ఆయన నోరు మూసేసింది.

"అనకండి తాతా!" అంది. "అంటే నేను తీసేసుకుంటాను."